కొండ ఊళ్ళలో నిప్పు కాపలా

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "ఆపద సమయంలో సమాజ సేవ" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. అది చాలా పెద్ద విషయం. వరద ఉంది, తుఫాను ఉంది, భూకంపం ఉంది. అన్నిటినీ తాకుతూ పోతే దేన్నీ గట్టిగా పట్టుకోలేం. అందుకని ఒకే ఆపదను, ఒకే ప్రాంతాన్ని తీసుకుంటాను. ఆపద నిప్పు. ప్రాంతం హిమాలయాల్లోని కుమావూన్ కొండలు, అంటే నేటి ఉత్తరాఖండ్ రాష్ట్రంలో అల్మోడా, నైనితాల్ వైపు.

అంత దూరం ఎందుకు వెళ్ళాలి అని మీరు అడగవచ్చు. ఫైరింజన్ వెళ్ళలేని చోట మనుషులు నిప్పును ఎలా కాచుకుంటున్నారో అక్కడ స్పష్టంగా కనబడుతుంది కాబట్టి. పట్నంలో ఆ సంగతి మనకు తెలియదు. 101కి ఫోన్ చేస్తే బండి వస్తుందనే ధీమాతో బతుకుతాం. కొండ ఊళ్ళో ఆ ధీమా లేదు. చాలా ఊళ్ళకు రోడ్డు చివరి దాకా వెళ్ళదు, అక్కడి నుంచి కాలిబాటే. అడవిలో మంట లేచిందంటే ఒక్కోసారి గంటో రెండు గంటలో ఎక్కితే గాని దాని దగ్గరకు చేరలేరు. నీళ్ళు బిందెలతో మోసుకోవాలి. కాబట్టి మంట పుట్టిన మొదటి గంటలో ఏ ప్రభుత్వమూ అక్కడ ఉండదు, ఊరివాళ్ళు మాత్రమే ఉంటారు. ఆ గంటలో వాళ్ళు ఏం చేస్తారు, అంతకుముందు చలికాలంలో ఏం చేసి పెట్టుకున్నారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ముందు అక్కడ నిప్పు ఎలా పుడుతుందో చూద్దాం. ఆ కొండల్లో చీడ్ అనే ఒక రకం పైన్ చెట్టు విస్తారంగా ఉంది. వేసవి రాగానే దాని సూదుల్లాంటి ఆకులు రాలి నేలంతా పరుచుకుంటాయి. వాటిని అక్కడివాళ్ళు పిరూల్ అంటారు. వాటిలో జిగురు, అంటే రెసిన్, ఉంటుంది. ఎండిన పిరూల్ అంటే నేలమీద పరిచిన ఇంధనమే. దాని పక్కనే బాంజ్ అనే ఓక్ చెట్టు ఉంది. బాంజ్ అడవి కింద నేల తడిగా ఉంటుంది, ఊటలు ఉంటాయి, నిప్పు అంత సులువుగా అంటుకోదు. చీడ్ పెరిగి బాంజ్ తగ్గిన చోట నిప్పూ పెరుగుతుంది, నీళ్ళూ తగ్గుతాయి. ఈ రెండూ ఒకే కథ అని మనసులో పెట్టుకోండి.

అగ్గిపుల్ల గీసేది మాత్రం చెట్టు కాదు, మనిషి. మన దేశంలో అడవి మంటలు దాదాపు అన్నీ మనుషుల చేతినుంచే పుడుతున్నాయి. కుమావూన్‌లో రైతులు మెట్ల పొలాల గట్లమీద పెరిగిన ముళ్ళకంపలను కొట్టి, కుప్పలు వేసి, విత్తనాలకు ముందు తగలబెడతారు. ఆ కుప్పలను ఓణ్ అని, ఆడా అని అంటారు. ఈ పని ఏప్రిల్, మే నెలల్లో చేస్తే, ఎండ మండుతూ ఉంటుంది, గాలి వీస్తూ ఉంటుంది, ఒక నిప్పురవ్వ ఎగిరి పొలం పక్కన ఉన్న పిరూల్ మీద పడుతుంది. అంతే. సాయంత్రానికి కొండ కొండా అంటుకుంటుంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, చరిత్ర తెలియకపోతే విషయం సగమే అర్థమవుతుంది. ఇంగ్లీషువాళ్ళు 1911 నుంచి 1917 వరకు కుమావూన్ అడవులను సెటిల్‌మెంటు చేసి, రిజర్వు ఫారెస్టులని పేరుపెట్టి తమ చేతుల్లోకి తీసుకున్నారు. పశువుల మేత, కట్టెపుల్లలు, ఆకుల ఎరువు, అన్నిటికీ ఆంక్షలు వచ్చాయి. జనం మండిపడ్డారు. 1921లో ఆ రిజర్వు అడవులకు జనమే నిప్పు పెట్టారు. చరిత్రకారులు గమనించిన ఒక విశేషం ఉంది. ఎక్కువగా కాలినవి సర్కారు లాభం కోసం పెంచుకున్న చీడ్ అడవులు. తమకు మేత, నీళ్ళు ఇచ్చే బాంజ్ అడవుల జోలికి వాళ్ళు చాలావరకు పోలేదు. సర్కారు కమిటీ వేసింది. కొంత అడవిని ఆంక్షలనుంచి వదిలింది. 1931లో వన పంచాయతీల నిబంధనలు వచ్చాయి. ఊరి అడవిని ఊరి పంచాయతీయే చూసుకునే పద్ధతి అది. నేటి ఉత్తరాఖండ్‌లో పదకొండు వేలకు పైగా వన పంచాయతీలు ఉన్నాయి.

దీన్నిబట్టి మనకు ఏం తెలుస్తోంది? అడవి నాది కాదు అనుకున్న మనిషి నిప్పు పెట్టడానికి కూడా వెనుకాడలేదు. నాది అనుకున్న మనిషి కాపలా కాశాడు. మనిషి ఒకడే, కొండ ఒకటే. తేడా అంతా ఆ "నాది" అనే మాటలో ఉంది. నిప్పునుంచి రక్షణ బకెట్టుతో మొదలవుతుందని మనం అనుకుంటాం. కాదు, ఆ మాటతో మొదలవుతుంది.

ఇప్పుడు అల్మోడా జిల్లాలో శీతలాఖేత్ అనే చోటుకు వద్దాం. దాని దగ్గర స్యాహీదేవి అడవి ఉంది. ఊటలు ఎండిపోతున్నాయని, అడవి కాలిపోతోందని గ్రహించి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కదిలారు. అందరికంటే ముందు కదిలింది ఆడవాళ్ళు. ఎందుకంటే ఊట ఎండితే బిందె మోసుకుంటూ ఇంకో మైలు నడవాల్సింది వాళ్ళే కదా! అక్కడి ఊళ్ళలో మహిళా మంగళ్ దళ్ అని స్త్రీల సంఘాలు ఉంటాయి. ఆ సంఘాలవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఒక్క మాట ఒప్పించారు. ముళ్ళకంపల కుప్పలను కాల్చవద్దని ఎవరికీ చెప్పలేదు. రైతుకు పొలం బాగుచేసుకోక తప్పదు. మార్చి 31 లోపల కాల్చేయండి అన్నారు, అంతే. అప్పటికి నేలలో ఇంకా చలికాలపు తడి ఉంటుంది, గాలి ఉధృతంగా ఉండదు, పిరూల్ పూర్తిగా రాలి ఉండదు. ఏప్రిల్ 1న ఓణ్ దివస్ అని ఒక రోజు జరుపుకుని, ఇక ఈ సీజన్లో నిప్పు ముట్టించబోమని అందరూ కలిసి చెప్పుకుంటారు.

చూశారా, ఎంత చిన్న మార్పో! ఖర్చు లేదు, యంత్రం లేదు. పని అదే, నిప్పు అదే. తేదీ మాత్రం మారింది.

ఇంకో సంగతి. ఆ ఊళ్ళలో నాగళ్ళు చేసుకోవడానికి బాంజ్ చెట్లను కొట్టేవారు. కర్ర నాగలి ఎక్కువకాలం మన్నదు, మళ్ళీ ఇంకో చెట్టు పడేది. అల్మోడాలోని వివేకానంద పర్వతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ ఒక ఇనుప నాగలిని తయారుచేసింది. దాని పేరు వీ.ఎల్. స్యాహీ నాగలి, ఆ కొండ పేరే దానికి పెట్టారు. ఇనుప నాగలి వచ్చిన ఇంట బాంజ్ చెట్టు మిగులుతుంది. బాంజ్ మిగిలితే తేమ మిగులుతుంది, తేమ మిగిలితే నిప్పుకు బలం తగ్గుతుంది. నాగలికీ నిప్పుకూ సంబంధం ఏమిటని పైపైన చూసేవాడు నవ్వుతాడు. కొండమీద బతికేవాడు నవ్వడు.

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి మంట వస్తుంది. బాటసారి పారేసిన బీడీ ముక్క చాలు. అప్పుడు ఏం చేయాలి? ధైర్యం ఒక్కటి ఉంటే చాలదు, ఇల్మ్ కూడా కావాలి. పిల్లలు కూడా వింటున్నారు కాబట్టి విడమరిచి చెబుతాను.

మొదటిది, నిప్పు కొండ ఎక్కేటప్పుడు పరుగెత్తుతుంది, దిగేటప్పుడు నడుస్తుంది. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి పైన ఉన్న గడ్డి ముందుగానే ఎండి, వేడెక్కి సిద్ధంగా ఉంటుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క. అందుచేత మంటకు పైన, కొండ వాలుమీద నిలబడకూడదు. రెండు కొండల నడుమ ఉన్న గాడిలోకి దిగకూడదు, అది పొగగొట్టంలాగా పనిచేస్తుంది. మంట వెనుకనుంచి, పక్కలనుంచి, కాలిపోయిన నేలను ఆనుకుని ఆర్పుకుంటూ రావాలి.

రెండవది, నీళ్ళు లేని చోట మంటకు ఆహారం లేకుండా చేయడమే మార్గం. మంట రాబోయే దారిలో ఎండుటాకులను గీకి పక్కకు నెట్టి, పచ్చి మట్టి కనబడేలా ఒక బాట తీస్తారు. దాన్నే ఫైర్ లైను అంటారు. కొడవలి, గుద్దలి, ఆకులు లాగే పలుగు, పచ్చి కొమ్మలు, ఇవే వాళ్ళ ఆయుధాలు. పచ్చికొమ్మతో మంటను బాదడం కాదు, అదిమిపెట్టాలి. బాదితే నిప్పురవ్వలు ఎగిరి ఇంకోచోట పడతాయి.

మూడవది, నైలాన్, పాలియెస్టర్ బట్టలతో మంట దగ్గరకు పోకూడదు. అవి కరిగి చర్మానికి అంటుకుంటాయి. నూలు బట్టలు, కాళ్ళకు గట్టి జోళ్ళు ఉండాలి. ఒంటరిగా పోకూడదు. అందరూ పనిలో ఉంటే ఒకరు మాత్రం ఎత్తున నిలబడి గాలినీ మంటనూ కనిపెట్టాలి. తప్పించుకునే దారి ఏదో పనిలో దిగకముందే అందరికీ తెలియాలి.

ఇవి ఊరికే చెప్పే జాగ్రత్తలు కావు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లాలో కురంగణి కొండమీద ట్రెక్కింగుకు వెళ్ళినవాళ్ళు ఎండుగడ్డి మంటల్లో చిక్కుకున్నారు. ఆనాడూ, తర్వాత ఆసుపత్రుల్లోనూ కలిపి ఇరవైమందికి పైగా చనిపోయారు. 2024 జూన్ 13న అల్మోడా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పడానికి వెళ్ళిన అటవీ సిబ్బందిలో నలుగురు అక్కడే ప్రాణాలు వదిలారు, మరికొందరు కాలిన గాయాలపాలయ్యారు. నిప్పు గురించి తెలిసినవాళ్ళకే అలా జరిగిందంటే, తెలియనివాళ్ళను ఉత్త చేతులతో పంపడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఇంతవరకు అడవి సంగతి. ఊళ్ళో ఇళ్ళే అంటుకుంటే? హిమాచల్ ప్రదేశ్ కులూ జిల్లాలో మలానా అనే ఊరు ఉంది. కొయ్య ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. 2008 జనవరిలో ఆ ఊళ్ళో పెద్ద భాగం కాలిపోయింది. 2021 అక్టోబరులో మళ్ళీ నిప్పు అంటుకుని మరికొన్ని ఇళ్ళు బూడిదయ్యాయి. 2024 అక్టోబరులో జమ్మూ కాశ్మీర్ కిష్త్వాడ్ జిల్లా వార్వాన్ లోయలో ముల్‌వార్వాన్ అనే ఊళ్ళో పదుల సంఖ్యలో ఇళ్ళు కాలిపోయాయి. మంచు పడేముందు ఏడాది తిండిగింజలు, పశువుల మేత ఇళ్ళలోనే నిలువ చేసుకుంటారు. ఇల్లు పోవడమంటే చలికాలం మొత్తం పోవడమే. జనవరిలో, ఆ చలిలో, నెత్తిమీద కప్పు లేకుండా ఒక కుటుంబం నిలబడడం ఊహించుకోండి.

అలాంటి ఊళ్ళకు నేర్పవలసిన జాగ్రత్తలు పెద్దవేమీ కావు. గడ్డివామి ఇంటికి ఎడంగా ఉండాలి. ఇళ్ళ వరసల మధ్య కొంత ఖాళీ వదలాలి. ఊరిపైన ఒక నీళ్ళ తొట్టి, దానికి గొట్టం, ఆ గొట్టం పనిచేస్తోందో లేదో నెలకొకసారి పరీక్ష. కేక వినబడకపోతే గంటో, మైకో మోగాలి. ఊళ్ళో ఎవరు నడవలేరు, ఎవరు నిండు చూలాలు, ఎవరి ఇంట్లో పసిపిల్లలు ఉన్నారు అన్న జాబితా ఒకటి ఉండాలి. అందరూ ఎక్కడ చేరాలో ఒక చోటు ముందే అనుకోవాలి. అక్కడ తలలు లెక్కపెట్టాలి. లెక్క లేకపోతే లోపల ఎవరూ లేరనుకుని వదిలేస్తాం, లేదా బయట ఉన్నవాడి కోసం ఇంకొకడు లోపలికి దూకుతాడు.

ఈ రోజుల్లో ఆకాశంనుంచి కూడా కాపలా ఉంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల సాయంతో మంటలను గుర్తించి ఫోన్లకు సందేశాలు పంపుతుంది. మంచిదే. కాని ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే తలమీదుగా పోతుంది, మేఘం అడ్డొస్తే చూడలేదు. గడ్డి కోసుకోవడానికి వెళ్ళిన ఆడమనిషి కన్ను పొగను ముందు చూస్తుంది. 2016లో ఉత్తరాఖండ్ మంటలు చేయిదాటినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు భీమ్‌తాల్ చెరువునుంచి నీళ్ళు తోడి పోశాయి. హెలికాప్టరు వచ్చిందంటే మొదటి గంట చేజారిందని అర్థం.

ఒక మాట మన భాష గురించి చెప్పాలి. బడిలో ఉర్దూ చెప్పే వాణ్ణి కాబట్టి ఇది నా మీద ఉన్న బాకీ. వాలంటీరుకు ఉర్దూలో మాట రజాకార్. రజా అంటే ఇష్టం, సమ్మతి. ఎవరూ బలవంతపెట్టకుండా తన ఇష్టంతో పనిచేసేవాడు రజాకార్. మన ప్రాంతంలో ఆ మాట వినగానే పెద్దవాళ్ళ ముఖాలు మారతాయి. హైదరాబాద్ సంస్థానంలో 1948 వరకు ఆ పేరు పెట్టుకున్న దళాలు చేసిన పనులవల్ల ఆ మంచి మాట చెడిపోయింది. నిఘంటువు ఇచ్చిన అర్థాన్ని మనుషుల పని మార్చేసింది. పేరు గొప్పదైతే చాలదు. ఇష్టపడి చేసే పని ఎవరి మేలుకోసం అన్నదే అసలు ప్రశ్న. శీతలాఖేత్ ఆడవాళ్ళకు ఈ ఉర్దూ మాట తెలియకపోవచ్చు. దాని అసలు అర్థం ప్రకారం బతుకుతున్నది మాత్రం వాళ్ళే.

ప్రపంచంలో చాలాచోట్ల అగ్నిమాపక సేవ వాలంటీర్ల మీదే నడుస్తోంది. చిలీ దేశంలో 1851లో వాల్పరైసో రేవు పట్నంలో మొదటి దళం ఏర్పడింది. ఈనాటికీ ఆ దేశంలో మంటలార్పేవారు జీతం తీసుకోరు. జర్మనీలో లక్షలాదిమంది మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ, సైరను మోగగానే పరుగెత్తుకొచ్చే వాలంటీర్లు. కాని అక్కడ వాళ్ళకు శిక్షణ ఉంది, సామాను ఉంది, దెబ్బ తగిలితే చూసుకునే ఏర్పాటు ఉంది. ఉచిత సేవ అంటే మనిషి ప్రాణం కూడా ఉచితమని కాదు. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ప్రారంభించిన "ఆపద మిత్ర" పథకంలో వాలంటీర్లకు శిక్షణ, అత్యవసర సామాను, బీమా చేర్చారు. తర్వాత దాన్ని దేశంలో 350 జిల్లాలకు, లక్షమంది వాలంటీర్లకు విస్తరించారు. ఇది సరైన దారి. ఖిద్మత్ చేసేవాడి ఇంట్లో దీపం ఆరిపోకుండా చూడడం ఆ ఖిద్మత్ అందుకున్న అందరి బాధ్యత.

చివరిగా మన కొండల మాట. శేషాచలం అడవుల్లో 2014 మార్చిలో తిరుమల దగ్గర లేచిన మంటలను ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చింది. నల్లమలలోనూ, తెలంగాణ అడవుల్లోనూ వేసవి వచ్చిందంటే మంటలే. తునికాకు బాగా చిగుర్చాలని పొదలకు నిప్పు పెడతారు. రాలిన ఇప్పపువ్వు కనబడాలని చెట్టుకింద ఆకులు కాలుస్తారు. వాళ్ళు దుర్మార్గులు కారు, అది వాళ్ళ పొట్టకూడు. కుమావూన్ రైతు సంగతీ అదే. వాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు, కేసులు పెట్టి కూడా ఎక్కువ ప్రయోజనం లేదు. ఇప్పచెట్టు కింద ఒక వల, లేదా పాత చీర పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది, నిప్పు అక్కరలేదు. కాల్చక తప్పని చోట తేదీ మార్చుకోవచ్చు. పని మానమనడం కాదు, పని చేసే తీరు మార్చడం. శీతలాఖేత్ మనకు పంపిన పాఠం ఇదే.

మన సంఘం ఏం చేయగలదు? మూడు విషయాలు సభవారి ముందు పెడుతున్నాను. ఒకటి, కొండ పక్క ఊళ్ళలో ఉన్న మన బంధువులకు, అన్ని కులాల, మతాల ఇరుగుపొరుగుకు ఈ సంగతులు ఫిబ్రవరి లోపలే చేరవేయాలి. మే నెలలో చెప్పి లాభం లేదు. రెండు, మన పేటల్లోనే గడ్డి కప్పుల ఇళ్ళు, ఇరుకు సందులు ఉన్నాయి. ప్రతి వీధికి నడవలేనివారి జాబితా, చేరవలసిన చోటు, రెండు ఇసుక బకెట్లు, ఒక పొడవాటి నిచ్చెన ఏర్పాటు చేయాలి. మూడు, మన యువకుల్లో, యువతుల్లో ఇష్టం ఉన్నవారిని అగ్నిమాపక కేంద్రానికి పంపి శిక్షణ ఇప్పించాలి. అలా ముందుకు వచ్చినవారి పేరున సంఘం సొమ్ములోంచి బీమా కట్టాలి. ఈ మూడో దానికి డబ్బు కావాలి, అందుకే కోశాధికారిగారి ముఖం చూస్తూ చెబుతున్నాను.

ఇవన్నీ నిప్పు లేనప్పుడు చేయవలసిన పనులు. నిప్పు లేనప్పుడు చేసే పనికి చప్పట్లు ఉండవు, పత్రికలో ఫోటో రాదు. ఏ ఇల్లూ కాలకుండా ఒక వేసవి గడిచిపోతే ఎవరివల్ల గడిచిందో ఎవరికీ గుర్తు కూడా ఉండదు. ఆ గుర్తింపు అక్కరలేనివాళ్ళు ఎంతమంది ఉంటే ఊరు అంత క్షేమంగా ఉంటుంది. అలాంటివాళ్ళు మన సంఘంలో ఉన్నారని నాకు నమ్మకం. వాళ్ళ పేర్లు ఈరోజే రాసుకోవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను.